ఒక్కొక్క వాడుకరికి తగిన పేజీ: రానున్న కాలానికి వెబ్‌సైటును సిద్ధం చేసుకునే విధానం

వెబ్‌సైటు తెరిచిన మనిషి ఎవరో గుర్తుపెట్టుకునే వీలు వెబ్‌కు పుట్టుకతో వచ్చినది కాదు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మోంటుల్లి కుకీని (సైటు మన బ్రౌజరులో దాచి, మళ్ళీ వచ్చినప్పుడు చదువుకునే చిన్న గుర్తును) రూపొందించే వరకు, సర్వరుకు అందే ప్రతి అభ్యర్థనా ముక్కూ మొహం తెలియని మనిషి నుంచి వచ్చినట్టే ఉండేది. ఆ చిన్న ఏర్పాటు ఆసరాగా, ఎవరు ఏ సైటులో ఏం చూశారో కూడబెట్టి మరో సైటులో వారికి ప్రకటనలూ సిఫారసులూ చూపించే పెద్ద వ్యవస్థ తరువాతి కాలంలో పెరిగింది. ఇప్పుడు కదులుతున్నది ఆ వ్యవస్థ పునాదే. ఫైర్‌ఫాక్స్ 2019 నుంచి, సైటు నుంచి సైటుకు మనల్ని వెంబడించే ట్రాకర్ల కుకీలను తనంత తానే ఆపుతోంది. సఫారీ 2020 మార్చి నుంచి ఇతర సైట్ల కుకీలను పూర్తిగా అడ్డుకుంటోంది. క్రోమ్‌లో వాటిని తొలగిస్తామని 2020 జనవరిలో ప్రకటించిన గూగుల్, గడువును పలుమార్లు పొడిగించి, 2024 జులైలో ఆ ఆలోచనను విరమించుకుంది. అంటే ఇతర చోట్ల పోగుచేసిన సమాచారం మీద ఆధారపడిన పేజీ ఒక బ్రౌజరులో ఒకలా, మరొక బ్రౌజరులో మరొకలా ప్రవర్తిస్తుంది. అటువంటి దాని మీద ఎవరూ దీర్ఘకాలపు పని కట్టుకోలేరు.

చిన్న, మధ్యతరహా వెబ్‌సైట్లు నడిపేవారు ఈ పరిస్థితిలో ఏం చేయాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. పాఠకుడిని చాటుగా గమనించి ఊహించుకునే కాలం వెనకబడుతోందనీ, అతనినే అడిగి, తెలుసుకున్నది అతనికే చూపించి, మార్చుకునే అధికారం అతని చేతికే ఇచ్చే వెబ్‌సైట్లు నిలబడతాయనీ నా నమ్మకం. కింద చెప్పిన పద్ధతి అంతా ఆ నమ్మకం మీదనే నడుస్తుంది. ఉదాహరణగా ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పే ఒక సైటును తీసుకుందాం.

మొదట ఏమీ తెలియని మనిషికి తగిన పేజీ

వ్యక్తిగతీకరణ, అంటే పేజీని ఒక్కొక్క పాఠకుడికి తగినట్టు మార్చడం, మొదలుపెట్టేవారు తరచుగా మరచిపోయేది, తమకు ఏమీ తెలియని పాఠకుడిని. మొదటిసారి వచ్చినవారు, కుకీలు చెరిపేసుకున్నవారు, ప్రైవేట్ విండోలో తెరిచినవారు, సమ్మతి ఇవ్వనివారు అందరూ ఈ వర్గంలోకే వస్తారు. గూగుల్ సెర్చి కోసం పేజీలు సేకరించే గూగుల్‌బాట్ కూడా అంతే. అది ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్ళేటప్పుడు కుకీలను గానీ బ్రౌజరు నిల్వను గానీ వెంట తీసుకువెళ్ళదు. అందుచేత ఏ సమాచారమూ లేకుండా తెరిచినప్పుడు పేజీ సంపూర్ణంగా, అర్థవంతంగా ఉండాలి. వ్యక్తిగతీకరణను ఆ పూర్తి పేజీ మీద చేసే సర్దుబాటుగానే భావించాలి. ఖాళీ చట్రం పెట్టి, మనిషి వివరాలు అందాక దానిని నింపుదామనుకోవడం సరైన పని కాదు.

తరువాత, ఏది మారవచ్చో ఏది మారకూడదో ఒక కాగితం మీద రాసుకోవాలి. పాఠాల వరుస, వివరణ లోతు, ఉదాహరణలు ఏ ప్రోగ్రామింగ్ భాషలో ఉండాలన్నది, చదువు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కొనసాగించే సదుపాయం, ఇవన్నీ మారవచ్చు. నిజానిజాలు, ధర, షరతులు, హెచ్చరికలు మారకూడదు. ధర విషయంలో 2000 సంవత్సరం నాటి అనుభవం ఇప్పటికీ గుర్తుంచుకోదగినది. ఆ ఏడాది సెప్టెంబరులో అమెజాన్ కొన్ని డీవీడీలకు వేర్వేరు కొనుగోలుదారులకు వేర్వేరు తగ్గింపులు చూపించింది. అవి యాదృచ్ఛికంగా నిర్ణయించినవేనని సంస్థ వివరించినా, తమ వివరాలను బట్టే ధర మారుతోందన్న అనుమానం కొనుగోలుదారుల్లో బలపడింది. చివరకు సంస్థ 6,896 మందికి సగటున 3.10 డాలర్ల చొప్పున తిరిగి చెల్లించింది. పాఠకుడికి ఒక్కసారి అటువంటి అనుమానం కలిగితే, ఆ పేజీలో మిగిలిన మంచి సర్దుబాట్లను కూడా అతను అనుమానంతోనే చూస్తాడు.

అడగవలసినది, అడగకుండానే తెలిసేది

కొన్ని సంగతులను పాఠకుడు ముందే తన బ్రౌజరుకు చెప్పి ఉంచుతాడు. ఏ భాష కావాలో ప్రతి అభ్యర్థనతో పాటు సర్వరుకు అందుతుంది. ముదురు రంగు నేపథ్యం కావాలా, తెర మీద కదలికలు తగ్గించాలా అన్న ఎంపికలను, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ ద్వారానే తెలుసుకోవచ్చు. కదిలే బొమ్మలు చూస్తే తల తిరిగేవారు ఆ ఎంపికను అవసరం కొద్దీ పెట్టుకుంటారు. దానిని పట్టించుకోని సైటు, ఎంత తెలివైన సిఫారసులు చేసినా, ఆ మనిషిని గౌరవించినట్టు కాదు. ఈ పని చేయడానికి డేటాబేసు అక్కరలేదు, సమ్మతి పత్రం అక్కరలేదు. అందుకే మొట్టమొదట చేయవలసిన వ్యక్తిగతీకరణ ఇదే.

మిగిలినది అడిగి తెలుసుకోవాలి. దర్జీ కొలతలు తీసుకున్నట్టు, మనిషికి తెలిసేలా, పనికి కావలసినంత మేరకే అడగాలి. సైటులో అడుగుపెట్టగానే పది ప్రశ్నల ఫారం ఎదురైతే పాఠకుడు వెనుదిరుగుతాడు లేదా నోటికి వచ్చిన జవాబు ఇస్తాడు; తప్పుడు జవాబు మీద కట్టిన సిఫారసు ఏమీ లేనిదాని కన్నా హానికరం. ప్రశ్నకు అవసరం ఏర్పడిన చోటనే ప్రశ్న పెట్టాలి. మన ఉదాహరణలో, ఒక పాఠకుడు రెండవ పాఠం పూర్తి చేశాక పేజీ అడుగున ఒకే ఒక్క వాక్యం కనిపిస్తుంది: “మూడవ పాఠాన్ని మీకు తగినట్టు చూపించడానికి చెప్పండి, ప్రోగ్రామింగ్ మీకు కొత్తా?” దాని కింద నాలుగు బటన్లు: “పూర్తిగా కొత్త”, “కొంత తెలుసు”, “వేరే భాషలో రాస్తుంటాను”, “చెప్పదలచుకోలేదు”. నాలుగవ బటన్ మిగతా మూడింటితో సమానమైన పరిమాణంలో, అదే రంగులో ఉండాలి. మూడవది నొక్కినవారికి తరువాతి పాఠంలో చరరాశి (వేరియబుల్) అంటే ఏమిటో చెప్పే భాగం ముడుచుకుపోయి, “ఇది మీకు తెలిసి ఉండవచ్చు, కావాలంటే తెరవండి” అన్న పంక్తి కనిపించాలి. జవాబు ఇచ్చిన మరుక్షణం పేజీలో మార్పు కళ్ళకు కనబడాలి. అప్పుడే రెండవ ప్రశ్న అడిగే అర్హత మనకు వస్తుంది.

జవాబును దాచుకునే చోటు విషయంలో ఒక సాంకేతిక జాగ్రత్త ఉంది. పేజీలోని జావాస్క్రిప్ట్ రాసిన కుకీలనూ, బ్రౌజరు నిల్వలో పెట్టిన సమాచారాన్నీ, పాఠకుడు సైటుకు తిరిగి రాకపోతే సఫారీ 7 రోజుల్లో చెరిపేస్తుంది. పది రోజుల తరువాత వచ్చిన మనిషిని అదే ప్రశ్న మళ్ళీ అడగకుండా ఉండాలంటే మీ సర్వరే తన పేరు మీద కుకీ పెట్టాలి, లేదా లాగిన్ అయిన ఖాతాలో ఆ ఎంపికను భద్రపరచాలి. కుకీలో “అనుభవం: 3” వంటి చిన్న సంకేతం చాలు, పేరు, ఈమెయిలు వంటివి అందులో ఉండవలసిన అవసరమే లేదు.

చదివిన తీరు నుంచి నేర్చుకోవడం

అడిగినవాటితో పాటు, మీ సొంత సైటులో జరిగిన చదువు నుంచి కూడా కొంత నేర్చుకోవచ్చు. దీనికి భారీ యంత్రాంగం కావాలన్న భయం అనవసరం. అమెజాన్ ఇంజనీర్లు 2003లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ చిన్న సైట్లకు చక్కగా సరిపోతుంది. ఒక మనిషిని పోలిన మనుషులను వెతకడానికి బదులు, ఒక వస్తువుతో పాటు ఎక్కువగా కొన్న వస్తువులు ఏవో ముందే లెక్కగట్టి పట్టికగా ఉంచుకోవడం అందులోని కీలకం. పట్టిక ముందే తయారై ఉంటుంది కనుక, పాఠకుడు వచ్చినప్పుడు చేయవలసిన పని దానిని చూసి చదవడమే.

మన సైటులో ఆ లెక్క ఎలా సాగుతుందో చూద్దాం. “ఫంక్షన్లు” అన్న పాఠాన్ని 200 మంది, “రికర్షన్” పాఠాన్ని 50 మంది చదివారనీ, రెండూ చదివినవారు 40 మంది అనీ అనుకుందాం. 200ను 50తో గుణించి వర్గమూలం తీస్తే 100 వస్తుంది. 40ని 100తో భాగిస్తే ఈ రెండు పాఠాల మధ్య సామీప్యం 0.4. ఇప్పుడు అందరూ తెరిచే “పరిచయం” పేజీని తీసుకుందాం. దానిని 5,000 మంది చదివారు, “ఫంక్షన్లు” కూడా చదివినవారు అందులో 100 మంది. 200ను 5,000తో గుణించి వర్గమూలం తీస్తే 1,000, సామీప్యం 0.1 మాత్రమే. ఉమ్మడి పాఠకుల సంఖ్య మాత్రమే చూసి ఉంటే “పరిచయం” పేజీయే ముందు నిలిచేది. ఈ భాగహారం వల్ల అందరికీ తెలిసిన పేజీ ప్రతిచోటా పైకి రాకుండా ఆగి, నిజంగా దగ్గరి పాఠం ముందుకు వచ్చింది. రాత్రికి ఒకసారి ఈ పట్టికను తిరగరాస్తే చాలు. ఒక మామూలు డేటాబేసు క్వెరీతో అయిపోయే పని ఇది. ఇద్దరు ముగ్గురు మాత్రమే కలిపి చదివిన జంటలను పట్టికలోకి రానివ్వకూడదు, ఎందుకంటే అంత తక్కువ సంఖ్యల మీద వచ్చే సామీప్యం కాకతాళీయం కావచ్చు.

పట్టికకు కొత్త పాఠాలు కనబడవు, ఎవరూ చదవలేదు కనుక. చూపించకపోతే ఎవరూ చదవరు, చదవకపోతే పట్టికలోకి ఎక్కవు. ఈ వలయాన్ని తెంచడానికి సిఫారసుల్లో ఒక స్థానాన్ని ఎప్పుడూ కొత్తవాటికి కేటాయించాలి. ఎంత మేరకు ప్రయోగం చేయాలి, ఎంత మేరకు తెలిసిన దానికే కట్టుబడాలి అన్న ప్రశ్నను యాహూ పరిశోధకులు 2010లో తమ మొదటి పేజీ వార్తల మీద పరీక్షించారు. పాఠకుడి సందర్భాన్ని పరిగణనలోకి తీసుకున్న వారి పద్ధతి, తీసుకోని పద్ధతి కన్నా 12.5 శాతం ఎక్కువ క్లిక్కులు తెచ్చింది. చిన్న సైటుకు అంత గణితం అవసరం ఉండదు. అయిదు స్థానాల్లో ఒకటి కొత్తవాటికి వదిలేయడం సరిపోతుంది.

ప్రవర్తన చెప్పేది ఎప్పుడూ సగం నిజమే. ఒకే కంప్యూటరును ఇంట్లో నలుగురు వాడుతుండవచ్చు. ఒకరు తన కోసం కాక స్నేహితుడి కోసం ఒక పాఠం వెతికి ఉండవచ్చు. అందుచేత పాత చదువుకు కాలం గడిచేకొద్దీ బరువు తగ్గించాలి. పాఠకుడు స్వయంగా చెప్పినదానికీ ప్రవర్తన సూచించినదానికీ పొత్తు కుదరనప్పుడు, చెప్పినదానికే విలువ ఇవ్వాలి. ఆరోగ్యం, మతం, రాజకీయాభిప్రాయం, లైంగికత వంటివాటి జోలికి మాత్రం అసలు వెళ్ళకూడదు. 2018 మే 25 నుంచి అమలులో ఉన్న యూరోపియన్ యూనియన్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ వీటిని ప్రత్యేక రక్షణ గల వర్గాలుగా చూస్తుంది. చట్టం వర్తించని చోట కూడా ఈ హద్దు పాటించడం మంచిది, ఎందుకంటే ఒక మనిషి ఎవరికీ చెప్పని సంగతిని అతని పక్కన కూర్చున్నవారికి కనబడేలా తెర మీద పెట్టే హక్కు మనకు లేదు.

పేజీని ఎక్కడ, ఎప్పుడు మార్చాలి

వేగం కోసం పేజీ నకళ్ళను ప్రపంచమంతటా క్యాషె సర్వర్లలో ఉంచడం మామూలే. ఒకరి కోసం మార్చిన పేజీ అటువంటి ఉమ్మడి క్యాషెలోకి చేరితే అది మరొకరికి కనబడుతుంది. వ్యక్తిగతీకరణలో జరగగల అత్యంత తీవ్రమైన సాంకేతిక పొరపాటు ఇదే. దానిని నివారించడానికి పేజీ శరీరాన్ని అందరికీ ఒకటిగా ఉంచి క్యాషె చేసుకోనిచ్చి, మారే చిన్న భాగాన్ని మాత్రం వేరే అభ్యర్థనగా తెప్పించాలి. ఆ జవాబుతో పాటు పంపే, క్యాషెలకు సూచనలిచ్చే క్యాషె-కంట్రోల్ హెడరులో “ప్రైవేట్” అని గానీ, అసలు నిల్వ చేయవద్దని గానీ స్పష్టంగా రాయాలి.

ఆ చిన్న భాగం ఆలస్యంగా వచ్చి పడినప్పుడు కింద ఉన్న వాక్యాలు ఉన్నట్టుండి జరిగిపోతే చదివే మనిషికి చికాకు కలుగుతుంది. పేజీ చూసే అనుభవాన్ని కొలిచే గూగుల్ కోర్ వెబ్ వైటల్స్ ప్రమాణాల్లో ఈ కుదుపు కొలత 0.1 మించకూడదు, ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి. కాబట్టి మారే భాగానికి ఎత్తు ముందే కేటాయించి, అందులో అందరికీ పనికొచ్చే సిఫారసును మొదటే పెట్టి ఉంచాలి. వ్యక్తిగత సిఫారసు నిర్ణీత వ్యవధిలో, ఉదాహరణకు 300 మిల్లీసెకన్లలో రాకపోతే, ఆ పూటకు మామూలుదే ఉండిపోవాలి.

వాక్యాలనే యంత్రం రాసినప్పుడు

ఇప్పటివరకు చెప్పుకున్నది ఉన్న పేజీలను ఎంచి, వరుస మార్చి చూపించడం. వాక్యాలను తామే రాయగల కృత్రిమ మేధ కార్యక్రమాలు, అంటే పెద్ద భాషా నమూనాలు వచ్చాక, ఒక్కొక్క పాఠకుడికి అప్పటికప్పుడు వేరే పాఠ్యమే రాసి ఇవ్వడం సాధ్యమైంది. ఈ రంగంలో రానున్న అతి పెద్ద మార్పు ఇదేననీ, అతి పెద్ద ప్రమాదం కూడా ఇక్కడే ఉందనీ నేను అనుకుంటున్నాను. నమూనా రాసిన వాక్యం ధారాళంగా సాగుతూనే తప్పు చెప్పగలదు. ఆ వాక్యాన్ని ఒక్క పాఠకుడు మాత్రమే చూశాడు కనుక ఆ తప్పును పట్టుకునే రెండవ మనిషి ఉండడు. పదివేల మంది చదివే ఒకే పేజీలోని తప్పు ఎవరో ఒకరు చెప్పడం వల్ల సరవుతుంది. పదివేల మందికి పదివేల రకాలుగా రాసిన పేజీలకు ఆ రక్షణ ఉండదు.

అందువల్ల మొదట చేయవలసినది, నమూనాను రాతకు కాక ఎంపికకు వాడడం. ప్రతి పాఠానికీ మూడు స్థాయుల్లో వివరణలు ముందుగానే తయారు చేసుకోవాలి. వాటి తొలి ప్రతిని నమూనా రాసినా ఫరవాలేదు కానీ, విషయం తెలిసిన మనిషి పూర్తిగా చదివి, ప్రోగ్రాములను నడిపి చూసి, ఆమోదించిన తరువాతే అవి సైటులోకి వెళ్ళాలి. పాఠకుడు వచ్చినప్పుడు వాటిలో ఏది చూపించాలో మాత్రమే యంత్రం నిర్ణయిస్తుంది. ఆ తరువాతి మెట్టులో, రెండు పాఠాలను కలిపే ఒక పరిచయ వాక్యం వంటి చిన్న భాగాలను అప్పటికప్పుడు రాయించవచ్చు. సంఖ్యలు, తేదీలు, ధరలు, నియమాలు మాత్రం ఎప్పటికీ డేటాబేసు నుంచే నేరుగా పేజీలోకి రావాలి.

మరో రెండు ఏర్పాట్లు తప్పనిసరి. ఎవరికి ఏ వాక్యం చూపించామో కొంతకాలం పాటు దాచి ఉంచాలి, లేకపోతే పాఠకుడు ఫిర్యాదు చేసినప్పుడు అతను చూసినదేమిటో మనమే చెప్పలేము. అలాగే, వ్యాఖ్యల్లోనో ప్రొఫైల్‌లోనో వాడుకరులు రాసిన మాటలను నమూనాకు అందిస్తుంటే, వాటిలో ఎవరైనా నమూనాను పక్కదారి పట్టించే ఆదేశాలు ఇరికించవచ్చన్న ఎరుక ఉండాలి. ఆ మాటలు చదివే నమూనాకు ఇతరుల ఖాతాల వివరాలు అందకుండా చూడడం అన్నిటికన్నా గట్టి రక్షణ.

చూపించిన కారణం, ఆపే మార్గం

యూరోపియన్ యూనియన్ డిజిటల్ సర్వీసెస్ చట్టం 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. సిఫారసులు ఏ అంశాల ఆధారంగా వస్తున్నాయో ఆన్‌లైన్ వేదికలు తమ నిబంధనల్లో తేలిక భాషలో చెప్పాలని అది కోరుతుంది, నెలకు 4.5 కోట్ల మందికి పైగా యూరోపియన్ వాడుకరులు గల అతి పెద్ద వేదికలైతే వ్యక్తిగత వివరాలపై ఆధారపడని సిఫారసుల ఎంపికను కూడా ఇవ్వాలి. చిన్న సైట్లకు ఈ భారం లేకపోయినా, రానున్న కాలపు పాఠకుడు ఆశించబోయేది ఇదే కనుక, మొదటి రోజు నుంచే ఇలా కట్టుకోవడం తరువాత మార్చడం కన్నా సులువు.

ప్రతి సిఫారసు పక్కన “ఇది ఎందుకు?” అన్న చిన్న లింకు పెట్టండి. నొక్కితే ఇటువంటి వాక్యం రావాలి: “మీరు ‘ఫంక్షన్లు’ పాఠం చదివారు, అది చదివినవారిలో పలువురు దీనినీ చదివారు. వేరే భాషలో రాస్తుంటానని మీరు చెప్పినందువల్ల మొదటి భాగం ముడిచి ఉంచాము.” దాని కిందనే మూడు మార్గాలు ఉండాలి: ఆ పాఠాన్ని లెక్కలోంచి తీసేయడం, జవాబు మార్చుకోవడం, వ్యక్తిగతీకరణను పూర్తిగా ఆపేయడం. మీ అల్గారిథమ్ ఏ కారణాన్నీ ఇటువంటి మామూలు వాక్యంలో చెప్పలేకపోతే, ఆ అల్గారిథమ్ మీ సైటుకు తగినది కాదని గ్రహించండి.

ఆపేయడం అంటే తెర మీద కనబడకుండా చేయడం మాత్రమే కాదు, కూడబెట్టినదాన్ని నిజంగా చెరిపేయడం. పేర్లు తీసేసి దాచుకున్నాం కదా అన్న సమాధానం చెల్లదు. నెట్‌ఫ్లిక్స్ 2006లో ఒక పోటీ కోసం దాదాపు 4,80,000 మంది సభ్యులు సినిమాలకు ఇచ్చిన 10 కోట్ల రేటింగులను పేర్లు తొలగించి విడుదల చేసింది. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ వాటిని సినిమాల సమాచార సైటు ఐఎండీబీలో బహిరంగంగా ఉన్న రేటింగులతో పోల్చి కొందరిని గుర్తించవచ్చని 2008లో నిరూపించారు. రెండవ పోటీని నెట్‌ఫ్లిక్స్ 2010లో రద్దు చేసుకుంది. ఏం చదివారన్న జాబితాయే ఒక మనిషి వేలిముద్ర వంటిది కనుక, పట్టిక తయారైన తరువాత అవసరం తీరిన పాత చదువు వివరాలను మూడు నెలలకో ఆరు నెలలకో తొలగించే కార్యక్రమాన్ని సర్వరులోనే పెట్టుకోవాలి.

పనిచేస్తోందా లేదా తెలుసుకోవడం

ఎప్పుడూ కొంతమంది పాఠకులకు వ్యక్తిగతీకరణ లేని పేజీనే చూపిస్తూ ఉండాలి. పోల్చడానికి ఆ గుంపు లేకపోతే మార్పు మంచికో చెడ్డకో చెప్పలేము. ఎంతమంది కావాలన్నదానికి గణాంక శాస్త్రంలో ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది. ప్రస్తుతం నూటికి 5 మంది తరువాతి పాఠానికి వెళ్తున్నారనీ, అది 6కి పెరిగిందో లేదో గుర్తించాలనీ అనుకుందాం. ఆ సూత్రంలోని స్థిర సంఖ్య 16ను 0.05తో, 0.95తో గుణించి, 0.01 వర్గంతో భాగిస్తే 7,600 వస్తుంది. ఒక్కొక్క గుంపులో కనీసం అంతమంది ఉండాలి. అర శాతం తేడాను పట్టుకోవాలంటే అది నాలుగింతలై 30,400 అవుతుంది. అంతమంది పాఠకులు లేని సైటు చిన్న చిన్న తేడాల వెంట పడకుండా, పదిమంది పాఠకులతో కూర్చుని మాట్లాడి, వారు “ఇది ఎందుకు?” లింకును నొక్కి ఏమనుకున్నారో వినడం ఎక్కువ ప్రయోజనకరం.

కొలవవలసినది క్లిక్కులను కాదు. ఆశ్చర్యపరిచే శీర్షికకు క్లిక్కులు వస్తాయి. పాఠం పూర్తయిందా, మనిషి వారం తరువాత తిరిగి వచ్చాడా, అభ్యాసంలో సరైన జవాబు రాశాడా అన్నవే మన సైటుకు అసలు కొలతలు. ఎంతమంది వ్యక్తిగతీకరణను ఆపేసుకున్నారన్న లెక్కను కూడా వీటి పక్కనే పెట్టి చూడండి. కొత్తగా చేర్చే ప్రతి నియమానికీ చేర్చిన రోజునే ఒక గడువు తేదీ రాసి పెట్టండి. ఆ తేదీ నాటికి అది మేలు చేసినట్టు అంకెలు గానీ పాఠకుల మాటలు గానీ చూపించలేకపోతే, దానిని తీసివేసి ఆ స్థానంలో అందరికీ చూపించే మామూలు పేజీనే తిరిగి ఉంచండి.